కొండ మీద ముసురు పడితే

చిరంజీవి కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

డిసెంబరు మొదట్లో నలుగురూ కలిసి పెంచలకోన పక్క కొండల్లో రెండు రాత్రులు ఉండి వస్తారని మీ అమ్మ చెప్పింది. అటవీశాఖ అనుమతి తీసుకున్నారట, మంచి పని. అది అభయారణ్యం, ఊరికే పోయి గుడారం వేసుకునే చోటు కాదు. నువ్వు పంపిన సామాన్ల జాబితా కూడా చూశాను. మనిషికి రెండేసి జీన్స్, కాటన్ టీషర్టులు, ఒక బ్లూటూత్ స్పీకరు! మంచుకొండల వీడియోలు చూసి చలి గురించే ఆలోచించినట్టున్నారు. మన దగ్గర చలికాలమంటే వానలేరా.

నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. సముద్రం మీంచి వచ్చే తడిగాలి మీరు పోయే వెలిగొండలకు తగిలి పైకి లేస్తుంది కాబట్టి టౌన్లో చినుకులు పడే రోజున కొండ మీద కుండపోత కావచ్చు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గర. కానీ దాటేముందు మన తీరం పక్కనే మెల్లగా పోతూ మనల్ని నానబెట్టింది. తీరం దాటేది ఎక్కడో చూసి ‘మనకు కాదులే’ అనుకోవద్దు. ఆరెంజ్ అలర్ట్ ఉంటే ప్రయాణం మానుకోండి.

సరే, అన్నీ చూసుకుని పోయాకే ముసురు పట్టిందనుకుందాం. ఇరవై డిగ్రీల్లో ఏమవుతుందిలే అని నవ్వకు. వెయ్యి అడుగులు ఎక్కితే దాదాపు రెండు డిగ్రీలు తగ్గుతుంది. తడిబట్టకు గాలి తోడైతే పదిహేను డిగ్రీల్లో కూడా ఒంట్లో వేడి తోడేస్తుంది. జీన్స్ తడిస్తే ఆ వాతావరణంలో ఇక ఆరదు. పాలిస్టర్ టీషర్టు, పల్చటి ట్రాక్ ప్యాంటు, ఒక ఉన్ని స్వెటరు చాలు.

ఒక జత పొడిబట్టలూ దుప్పటీ మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, గాలంతా నొక్కేసి, మూతి మెలితిప్పి మడిచి రబ్బరు బ్యాండు వేయండి. బ్యాగు మీది రెయిన్ కవర్ని నమ్మొద్దు, వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి. ఆ పొడి జత రాత్రి పడుకోడానికే. పొద్దున్నే మళ్లీ ఆ తడిబట్టలే తొడుక్కోవాలి. ఒళ్లు జలదరిస్తుంది, నన్ను తిట్టుకుంటారు, కాసేపు నడిస్తే సర్దుకుంటుంది. ఈ పని చేయడానికి మనసొప్పకే చాలామంది రెండో రాత్రి వణుకుతూ కూర్చుంటారు.

ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండండి. వణుకుతూ మాట తడబడినా, జిప్పు లాగడం చేతకాకపోయినా వాడికి వెంటనే బట్టలు మార్చి, తలకు కుళ్లాయి పెట్టి, దుప్పట్లు చుట్టండి. మింగగలిగితే ఫ్లాస్కులో తీపి టీ ఇవ్వండి. వణుకు ఆగిపోయి మగతగా ఉంటే అది తగ్గడం కాదు, ముదరడం. కాళ్లూ చేతులూ గట్టిగా రుద్దకండి. మందు తాగడం అసలే వద్దు, వెచ్చగా అనిపిస్తూనే ఒంట్లో వేడి బయటికి పోతుంది. మీ జాబితాలో అది లేదులే. జాబితాలో ఎవరూ రాయరని నాకూ తెలుసు.

ఇక వంకలు, అంటే కొండవాగులు. ఇసక మెత్తగా ఉందని వంక ఒడ్డున పడుకోవద్దు. మీ దగ్గర చుక్క పడకపోయినా పైన పడితే నీళ్లు దిగుతాయి. నీళ్లు ఎర్రబారి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే సామాను సర్దేవరకు కూడా ఆగక మెరకకు ఎక్కండి. మోకాటి లోతు ప్రవాహం చాలు, గుండ్రాళ్ల మీద మనిషిని పడేయడానికి. చేతులు పట్టుకుని దాటేద్దామని ఒకడు అంటాడు. వాడి మాట వినొద్దు. కొండవంక పొంగినంత తొందరగానే, వాన ఆగాక తగ్గుతుంది కూడా. ఒడ్డున కూర్చోండి. అందుకోసమే ఇంకో రోజుకు సరిపడా అటుకులు, బెల్లం, వేయించిన శనక్కాయలు, ఖర్జూరాలు పెట్టుకోమనేది. నన్నడిగితే మనుషుల్ని వంకలోకి దింపేది ధైర్యం కాదు, సోమవారం ఆఫీసుందనే టెన్షన్. సోమవారం, మంగళవారం రెండు రోజులూ లీవు పెట్టి మరీ వెళ్లండి.

కొండల్లో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఏ దారిన పోతారో, ఎక్కడ పడుకుంటారో కాగితం మీద రాసి నాకొకటి, మీ అమ్మకొకటి ఇవ్వు. ఆదివారం దిగాలనుకున్నా సోమవారం మధ్యాహ్నమని రాయి. ఆ వేళకు ఫోను రాకపోతే నేను అటవీశాఖ వాళ్లకూ, 112కూ చేస్తాను. కాబట్టి రాపూరులో బిర్యానీకి కూర్చునే ముందే నాకు ఫోన్ చెయ్.

మీ మామయ్య