గట్టు అక్కడుంటే ఫొటోలో ఇక్కడెందుకుంది?

ప్రశ్న: సార్, మా ఊళ్లో రీసర్వేకి డ్రోన్ ఎగరేశారు, సచివాలయంలో సర్వేయర్ గారు ఓఆర్ఐ అని ఒక ఫొటో చూపించారు. అందులో మా గట్టుకీ, నా ఫోన్లో గూగుల్ ఎర్త్‌లో పిన్ పెట్టుకున్న గట్టుకీ మూడు నాలుగు మీటర్ల తేడా ఉంది. ఏది నమ్మాలి? అసలు ఫొటోని 'సరిచేయడం' ఏంటి, పక్కోళ్లకి అనుకూలంగా మార్చేస్తారా?
– ఒక రైతు, ఏలూరు జిల్లా

జవాబు: అలా మార్చేది కాదులెండి. ఓఆర్ఐ అంటే ఆర్థో రెక్టిఫైడ్ ఇమేజ్, అంటే వాలు, సైజు తేడాలు సరిచేసిన ఫొటో అన్నమాట. కెమెరా ఒకే పాయింట్ నుంచి చూస్తుంది కదా, సరిగ్గా దాని కిందున్నవి తప్ప మిగతా ఎత్తైనవన్నీ బయటికి వాలినట్టు పడతాయి. డ్రోన్ 120 మీటర్ల ఎత్తులో ఉంది, పక్కకి 60 మీటర్ల దూరంలో 15 మీటర్ల తాడిచెట్టు ఉందనుకోండి, దాని తల ఫొటోలో ఎనిమిదిన్నర మీటర్లు అవతల నేల మీద పడుతుంది! మెరక పొలమైతే కెమెరాకి దగ్గరై కాస్త పెద్దగా కూడా కనిపిస్తుంది. అందుకే ఒకదాని మీద ఒకటి పడేలా బోలెడు ఫొటోలు తీసి, వాటి నుంచి నేల ఎత్తుపల్లాలు లెక్కగట్టి, నేల మీద ముందే కొలిచి పెట్టుకున్న కంట్రోల్ పాయింట్లకి కట్టి, ప్రతి చుక్కనీ దాని అసలు చోటుకి జరుపుతారు. అప్పుడు ఫొటో అంతా ఒకటే స్కేలు, మ్యాపు మీద కొలిచినట్టే కొలుచుకోవచ్చు.

గూగుల్ వాళ్లదీ సరిచేసిందే, కానీ మీ ఊళ్లో కంట్రోల్ పాయింట్లు పెట్టి చేసింది కాదు, దారి వెతుక్కోడానికి ఓకే, గట్టు తగాదాకి పనికిరాదు.

అలాగని ఓఆర్ఐ దేవుడేం కాదు. నేల ఎత్తుతోనే సరిచేస్తే చెట్లు, మేడలు ఇంకా వాలే ఉంటాయి, కొబ్బరి మట్టల కిందున్న గట్టు అసలు కనపడదు, అలాంటి చోట సర్వేయర్ రోవర్ (శాటిలైట్ సిగ్నల్‌తో చోటు కొలిచే పరికరం) పట్టుకుని వెళ్లి కొలవాల్సిందే. ఇంకోటి, నా దృష్టిలో అసలు సంగతి ఇదే, పక్కాయన ఏటా ఒక సాలు చొప్పున గట్టు మీదికి దున్నుకొచ్చాడనుకోండి, ఫొటో ఆ జరిగిన గట్టునే పక్కాగా చూపిస్తుంది. హద్దు ఎవరిదో దానికేం తెలుసు? కాబట్టి గ్రౌండ్ ట్రూతింగ్‌కి, అంటే ఫొటోలోని హద్దుల్ని పొలంలో సరిచూడ్డానికి, నోటీసులో ఇచ్చిన రోజు ఎఫ్ఎంబీ (పాత సర్వే కొలతల పటం) కాపీ పట్టుకుని పొలంలో ఉండండి, తేడా అనిపిస్తే నోటిమాటగా వదిలేయకుండా అభ్యంతరం రాసిచ్చి రసీదు తీసుకోండి.