క్రూజ్‌లో డ్రింక్ ప్యాకేజీ: ఇంట్లో ఒక్కరే మద్యం తీసుకునేవారైతే కొనడం మేలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి 7 రాత్రుల కరీబియన్ క్రూజ్‌కు (ఓడలో విహారయాత్రకు) మీ దంపతులు, ఇండియా నుంచి వచ్చిన మీ అత్తమామలు కలిసి రెండు క్యాబిన్లలో వెళ్తున్నారు, మద్యం తీసుకునేది మీ వారు ఒక్కరే, అలాంటప్పుడు డ్రింక్ ప్యాకేజీ (రోజుకు ఇంత అని ముందే కట్టి, ఓడలో ఒక్కో డ్రింకుకు విడిగా డబ్బు ఇవ్వకుండా తీసుకునే ఏర్పాటు) కొనాలా, వద్దా? మేము డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మానాన్నలను కారులో ఐదు గంటలు ప్రయాణం చేయించి, గాల్వెస్టన్‌లో ఓడ ఎక్కించి, సరిగ్గా ఇలాంటి ప్రయాణమే చేశాం. అప్పుడు నేను లెక్క వేసుకోకుండా ప్యాకేజీ కొన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీ కుటుంబానికి అది అవసరం లేదు.

ఇందులో ముందుగా తెలుసుకోవలసిన నియమం క్యాబిన్‌కు సంబంధించినది. రాయల్ కరీబియన్, కార్నివాల్ వంటి క్రూజ్ కంపెనీలలో ఒక క్యాబిన్‌లో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే, అదే క్యాబిన్‌లో పేరు నమోదైన 21 ఏళ్లు నిండిన వారందరూ కొనవలసిందే. ఒకరు కొని ఇద్దరు పంచుకోకుండా ఉండేందుకు ఈ నియమం పెట్టారు. మీ వారి కోసం కొంటే మీకూ కొనాలి. పక్క క్యాబిన్‌లో ఉండే మీ అత్తమామలకు మాత్రం కొననక్కరలేదు. ప్రయాణంలో మనకు నచ్చిన కొన్ని రోజులకే కొనడం కూడా కుదరదు.

ఇక ధర. ప్యాకేజీ ధర ఓడను బట్టి, తేదీని బట్టి మారుతూ ఉంటుంది. మాకు రోజుకు 80 డాలర్లని కనిపించింది. దాని మీద 18 శాతం సర్వీస్ చార్జీ కలుస్తుందన్న సంగతి డబ్బు కట్టే చివరి పేజీ వరకు నా కంట పడలేదు. అది కలిస్తే రోజుకు 94.40 డాలర్లు, 7 రాత్రులకు 660.80 డాలర్లు, ఇద్దరికీ కలిపి 1,321.60 డాలర్లు. నార్వేజియన్ అనే మరో క్రూజ్ కంపెనీలో ఈ చార్జీ 20 శాతం. అక్కడ ప్యాకేజీని టికెట్‌తో ఉచితంగా ఇస్తున్నామని చెప్పినప్పుడు కూడా ఆ 20 శాతం మనమే కట్టాలి కాబట్టి, ఉచితం అన్న మాటను చూసి లెక్క మానేయకండి.

ప్రయాణం ముగిశాక నేను కూర్చుని రాసుకున్న లెక్క ఇది. ఏడు రోజుల్లో నేను తీసుకున్నవి 22 డ్రింకులు, సగటున ఒక్కొక్కటి 13 డాలర్లు. మా ఆవిడ రోజూ తీసుకున్నవి 5 డాలర్ల చొప్పున రెండు స్పెషల్ కాఫీలు, 8 డాలర్ల మాక్‌టెయిల్ (మద్యం లేని కాక్‌టెయిల్) ఒకటి. ఇవన్నీ విడివిడిగా కొని ఉంటే 18 శాతం చార్జీతో కలిపి దాదాపు 486 డాలర్లు అయ్యేది. అంటే 835 డాలర్లు ఎక్కువ కట్టాం. మా ఇద్దరి ప్యాకేజీల డబ్బు గిట్టాలంటే, మా ఆవిడ కాఫీలు, మాక్‌టెయిల్ పోను, నేను ఒక్కడినే రోజుకు 11 డ్రింకులు తాగాలి. ఏ మనిషీ చేయకూడని పని అది. డబ్బు కట్టేశాం కదా అని మూడో రోజు మధ్యాహ్నం నుంచే బార్ దగ్గర కూర్చున్న నన్ను చూసి నాన్న ఏమీ అనలేదు గానీ, ఆ సాయంత్రం డెక్ మీద ఆయన ఒక్కరే నడిచారు. పోయిన డాలర్ల కంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

రేవుల్లో ఆగే రోజుల సంగతి కూడా చూసుకోవాలి. మా ఓడ కోజుమెల్, రోవటాన్, కోస్టా మాయాలలో ఆగింది. ఆ మూడు రోజులూ పగలంతా ఒడ్డునే గడిపాం. ఆ ఊళ్లలో ప్యాకేజీ చెల్లదు, కానీ ఆ రోజులకూ పూర్తి ధర పడుతుంది. ఆగకుండా సముద్రంలోనే సాగే రోజులు ఎక్కువగా ఉన్న ప్రయాణాలలోనే ప్యాకేజీకి కొంతైనా అర్థం ఉంటుంది.

ప్యాకేజీ ఉన్నా అన్నీ అందులోకి రావు. రాయల్ కరీబియన్‌లో 14 డాలర్ల వరకు, నార్వేజియన్‌లో 15 డాలర్ల వరకు, కార్నివాల్‌లో 20 డాలర్ల వరకు ధర ఉన్న డ్రింకులే అందులో భాగం. గదిలోని మినీబార్‌కు ఇది వర్తించదు. కార్నివాల్‌లో 24 గంటలకు 15 మద్యం డ్రింకులే పరిమితి. బార్‌లో ఓడవాళ్లు ఇచ్చిన కార్డు చూపగానే తెర మీద మన ఫొటో కనిపిస్తుంది, ఒకసారికి ఒక్క డ్రింకే ఇస్తారు. మరొకరికి తెచ్చి ఇచ్చినట్టు తేలితే డబ్బు వాపసు ఇవ్వకుండానే ప్యాకేజీ రద్దు చేయవచ్చు. కాబట్టి మీ మామగారికి ఎప్పుడైనా ఒక బీరు తాగాలనిపిస్తే మీ వారి కార్డు మీద తేవద్దని ముందే చెప్పండి, విడిగా కొనండి.

పెద్దవాళ్ల కోసం మీరు ఏమీ కొననక్కరలేదు. మంచినీళ్లు, మామూలు కాఫీ, టీ, నిమ్మరసం, ఐస్ టీ, ఉదయం బఫేలో పళ్లరసాలు, పాలు టికెట్ ధరలోనే వస్తాయి. మా అమ్మ టీ బ్యాగుతో చేసిన టీ తాగలేక, బఫేలో వేడిపాలు అడిగి తీసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఇన్‌స్టంట్ కాఫీ పొడి కలుపుకుంది. మీరూ ఒక చిన్న సీసా వెంట ఉంచుకోండి. కూల్‌డ్రింకులు, సీసా నీళ్లు, ఎస్ప్రెసో కాఫీలకే డబ్బు పడుతుంది.

మీ వారికి రోజుకు రెండు మూడు డ్రింకులు చాలనుకుంటే విడివిడిగా కొనడమే మంచిది. రాయల్ కరీబియన్‌లో ఓడ ఎక్కే రోజు 750 మిల్లీలీటర్ల వైన్ సీసా ఒకటి, మూత తీయనిది, ప్రతి పెద్దవారూ తెచ్చుకోవచ్చు. అయినా ప్యాకేజీ కావాలనే ఆయన అంటే, మీరు మద్యం తీసుకోరని కంపెనీకి ఫోన్ చేసి చెప్పి, మీకు మద్యం లేని తక్కువ ధర ప్యాకేజీ ఇస్తారేమో అడగండి. మా బంధువులు ఒకరు అలాగే అడిగి తీసుకున్నారు. ఓడ ఎక్కాక కంటే ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే సాధారణంగా ధర తక్కువ. కొన్న తరువాత కూడా బయలుదేరేలోగా ధర తగ్గితే, పాతది రద్దు చేసి కొత్త ధరకు మళ్లీ కొనుక్కోవచ్చు కాబట్టి వారానికి ఒకసారి చూస్తూ ఉండండి.

కోజుమెల్‌లో చవకగా ఉందని మద్యం సీసాలు కొంటే, ఓడ ఎక్కేటప్పుడు వాటిని తీసుకుని ప్రయాణం చివరలో తిరిగి ఇస్తారు. గాల్వెస్టన్‌లో దిగాక టెక్సస్ రాష్ట్రం వాటి మీద పన్ను వసూలు చేస్తుంది. ఆ డబ్బు కలుపుకుని చూస్తే చవక ఎంత మిగులుతుందో అక్కడ కొనేముందే లెక్క వేసుకోండి.