షవ్ అంటే ఉత్త తోయడమేనా?

సందేహం: ఇంగ్లీషులో పుష్, షవ్ అనే రెండు మాటలకూ నిఘంటువులో 'తోయు' అనే అర్థం కనిపించింది. రెండూ ఒకటేనా? 'హీ గేవ్ మీ ఎ షవ్' అనే వాక్యాన్ని 'అతను నాకు ఒక తోపు ఇచ్చాడు' అని రాయవచ్చా?

సమాధానం: ఒకటి కావు. తలుపు తెరవడానికి చేసేది పుష్. ఆగిపోయిన కారును నలుగురూ కలిసి కదిలించడమూ పుష్షే. షవ్‌లో మోటుతనం ఉంది. అవతలివాడు పడతాడేమో, దెబ్బ తగులుతుందేమో అనే ఆలోచన లేకుండా ఒక్క ఊపున నెట్టేయడం అది. పుష్ ఫ్రెంచి నుంచి వచ్చి చేరింది. షవ్ పాత ఇంగ్లీషు నాటి సొంత మాట. మట్టి ఎత్తే పారను షవల్ అంటారు కదా, అదీ దీనికి చుట్టమే. (కొందరు 'షోవ్' అంటున్నారు. 'లవ్' లాగే 'షవ్' అనాలి.)

తెలుగులో ఈ మోటుతనానికి మాటల కరువేమీ లేదు. బండిని తోస్తాం, మనిషిని నెట్టేస్తాం, ఇంట్లోంచి గెంటేస్తాం. గెంటడంలో 'బయటికి' అనే అర్థం కలిసే ఉంది కాబట్టి ప్రతి షవ్‌కూ అది కుదరదు. తెలంగాణలో 'నూకు' వినిపిస్తుంది. రాయలసీమలో 'దొబ్బు' అంటే మామూలుగా తోయడమే. అదే మాట కోస్తాలో అంటే ఎదుటివాళ్లు ముఖం చిట్లిస్తారు, జాగ్రత్త! మెడపట్టి గెంటడానికైతే మన పెద్దలు 'అర్ధచంద్ర ప్రయోగం' అని పేరు పెట్టారు. మెడ వెనక పట్టిన చెయ్యి సగం చందమామలా వంగుతుందని. అంత మోటు పనికి అంత అందమైన పేరు!

ఇక మీ వాక్యం. తోపు ఒకరు ఇస్తే మరొకరు పుచ్చుకునేది కాదు. 'ఇచ్చాడు' అనడం ఇంగ్లీషు ఛాయ. 'నన్ను ఒక్క తోపు తోశాడు' అనండి. నామాన్నీ క్రియనూ ఒకే ధాతువు నుంచి తెచ్చి పక్కపక్కన పెడితే, ఆ 'ఒక్క'తో కలిసి షవ్‌లోని విసురంతా వచ్చేస్తుంది. 'ఒక్క నెట్టు నెట్టాడు' అన్నా బాగుంటుంది.

బట్టలను బీరువాలోకి షవ్ చేస్తే అది తోయడం కాదు, కుక్కడం. జనం చేసే పుషింగ్ అండ్ షవింగ్ తోపులాట. 'వెన్ పుష్ కమ్స్ టు షవ్' అన్నచోట అయితే తోయడాన్నీ నెట్టడాన్నీ వదిలేయండి. 'పీకల మీదికి వస్తే' అంటే చాలు.