వాషింగ్ మెషీన్ వైర్ హార్నెస్‌కి ఐదేళ్ల తేడా డ్యూటీ అడిగారు, కట్టాలా?

ప్రశ్న: మాది చర్లపల్లిలో చిన్న యూనిట్. వాషింగ్ మెషీన్లు తయారుచేసే కంపెనీలకు లోపలి భాగాలు అసెంబుల్ చేసి ఇస్తాం. 2021 నుంచి వైర్ హార్నెస్‌లు (కనెక్టర్లు బిగించి కట్టిన వైర్ల సెట్లు), పవర్ కార్డ్‌లు, డోర్ స్విచ్‌లు చైనా నుంచి చెన్నై పోర్టుకు తెప్పించుకుంటున్నాం. మా సీహెచ్ఏ (కస్టమ్స్ క్లియరెన్స్ ఏజెంట్) మొదటి నుంచీ అన్నిటినీ వాషింగ్ మెషీన్ విడిభాగాలుగా 8450 90 అనే టారిఫ్ కోడ్ కింద చూపించారు. కస్టమ్స్ వాళ్లు ఒక్కసారీ అభ్యంతరం చెప్పలేదు, కొన్ని కన్‌సైన్‌మెంట్లను తెరిచి కూడా చూశారు. ఇప్పుడు ఆడిట్ తర్వాత కస్టమ్స్ చట్టం సెక్షన్ 28(4) కింద షోకాజ్ నోటీసు వచ్చింది. హార్నెస్‌లు వైర్ల కోడ్ 8544 కిందకొస్తాయట. ఐదేళ్ల తేడా డ్యూటీ, వడ్డీ, దానికి సమానంగా పెనాల్టీ ఎందుకు వేయకూడదో చెప్పమన్నారు. ఆ హార్నెస్ మేం చెప్పిన మోడల్‌కి తప్ప ఇంకెక్కడా పట్టదు. అలాంటిది మెషీన్ విడిభాగం ఎందుకు కాదు? పోరాడాలా, కట్టేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ నోటీసులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. వస్తువు టారిఫ్‌లో ఏ హెడ్డింగ్ (నాలుగంకెల కోడ్) కిందకొస్తుందన్నది ఒకటి. ఐదేళ్లు వెనక్కి వెళ్లి అడిగే హక్కు కస్టమ్స్‌కి ఉందా అన్నది రెండోది. మొదటిదాంట్లో మీ వాదన నిలవడం కష్టం. రెండోదాంట్లో మీకు గట్టి అవకాశం ఉంది. అయితే అది మీ బిల్ ఆఫ్ ఎంట్రీల్లో (దిగుమతి సరుకుకు కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రాల్లో) సరుకును ఏమని రాశారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ముందు హెడ్డింగ్ సంగతి చూద్దాం. "మా మెషీన్ కోసమే చేయించాం కాబట్టి ఇది మెషీన్ విడిభాగమే" అని వ్యాపారంలో ఉన్న ఎవరికైనా అనిపిస్తుంది. కస్టమ్స్ టారిఫ్ చట్టం, 1975లోని మొదటి షెడ్యూల్ మాత్రం అక్కడి నుంచి మొదలుపెట్టదు. హెడ్డింగ్‌లో ఉన్న మాటలు, ఆ విభాగానికి రాసిన నోట్స్ ముందు చూడాలని వర్గీకరణ నియమాల్లో మొదటిదే చెబుతోంది. 84, 85 అధ్యాయాలు రెండూ టారిఫ్ 16వ విభాగంలో ఉన్నాయి. ఆ విభాగం నోట్ 2 విడిభాగాలకు ఒక వరస పెట్టింది. ఒక విడిభాగం 84 లేదా 85లో తనంతట తాను ఏదైనా హెడ్డింగ్ కిందకొచ్చే వస్తువైతే, అన్ని సందర్భాల్లోనూ ఆ హెడ్డింగ్‌కే వెళ్లాలి. ఇది 2(ఎ). దీనికి కొన్ని మినహాయింపులున్నాయి కానీ 8544 వాటిలో లేదు. అలా సొంత హెడ్డింగ్ దొరకని విడిభాగాలకే 2(బి) వర్తిస్తుంది. ఒక రకం మెషీన్‌కి మాత్రమే, లేదా ప్రధానంగా ఆ మెషీన్‌కే పనికొచ్చేవి ఆ మెషీన్‌తో పాటు వెళ్తాయని అది చెబుతుంది. మీ వాదన మొత్తం 2(బి) మీద నిలబడి ఉంది. కానీ 2(ఎ) దాటితే గానీ అక్కడికి చేరలేం.

8544లో ఉన్న మాటలు చూడండి. ఇన్సులేషన్ ఉన్న వైర్లు, కేబుళ్లు, ఇతర విద్యుత్ వాహకాలు, కనెక్టర్లు బిగించినా బిగించకపోయినా అన్నీ అందులోకే వస్తాయి. ప్రపంచ కస్టమ్స్ సంస్థ వివరణాత్మక నోట్స్ ఇంకాస్త స్పష్టంగా చెబుతాయి. కొలత ప్రకారం కత్తిరించినా, ఒక చివరో రెండు చివరలో ప్లగ్గులు, లగ్గులు, టెర్మినల్స్ బిగించినా, సెట్‌గా కట్టినా ఆ వైరు ఆ హెడ్డింగ్‌లోనే ఉంటుంది. ఈ నోట్స్ మీద ఆధారపడవచ్చని సుప్రీంకోర్టు 1995లో వుడ్ క్రాఫ్ట్ ప్రొడక్ట్స్ కేసులో చెప్పింది. మీ హార్నెస్ అంటే పీవీసీ తొడుగున్న రాగి వైర్లు, చివర్లకు టెర్మినల్స్, ప్లాస్టిక్ కనెక్టర్లు, మధ్యలో టైలు. పై వివరణ దానికి అతికినట్టు సరిపోతుంది. 1000 వోల్టుల లోపు, కనెక్టర్లతో వచ్చేవి 8544 42లోకి వెళ్తాయి. మూడు పిన్నుల ప్లగ్ బిగించిన పవర్ కార్డ్ కూడా అక్కడికే.

దీనికి ఎదురుగా దిగుమతిదారుల తరఫున ఒక తెలివైన వాదన వినిపిస్తుంటుంది. "8450లో విడిభాగాలు అని రాసి ఉంది కదా, అది కూడా 84వ అధ్యాయంలోని హెడ్డింగే కదా, 2(ఎ) ప్రకారమే మేం 8450కి వెళ్తాం" అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ దాన్ని ఒప్పుకుంటే 2(బి)కి చేయడానికి పనే మిగలదు. 2(ఎ) చూసేది వైరు, స్విచ్, మోటారు, పంపు లాంటి సొంత గుర్తింపు ఉన్న వస్తువులను. "విడిభాగాలు" అన్న మాట కింద దూరేవాటిని కాదు.

వెస్టింగ్‌హౌస్ సాక్స్‌బీ ఫార్మర్ కేసు గురించి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. రైల్వే సిగ్నలింగ్‌లో వాడే రిలేలను స్విచ్‌లు, రిలేల హెడ్డింగ్ 8536 కింద కాకుండా రైల్వే పరికరాల భాగాలుగా 8608 కింద చూడాలని 2021 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఏ వాడకం కోసం తయారైందన్నది అక్కడ కీలకమైంది. ఆ తీర్పు వచ్చాక చాలామంది తమ విడిభాగాలన్నిటికీ దాన్ని వాడబోయారు. 2022 జనవరి 5న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు వాహన విడిభాగాల విషయంలో ఒక సూచన జారీచేసి, సుప్రీంకోర్టు ఇతర తీర్పులనూ కలిపి చూడాలని తన అధికారులకు చెప్పింది. మీ విషయంలో అంతదూరం వెళ్లనక్కర్లేదు. ఆ తీర్పు నడిచింది టారిఫ్ 17వ విభాగం నోట్స్ మీద. మీ సరుకు 16వ విభాగంలోది. అక్కడి నోట్ 2(ఎ)లో "అన్ని సందర్భాల్లోనూ" అన్న మాట ఉంది. ఈ ఒక్క తీర్పు మీద కేసంతా నిలబెట్టవద్దని నా సలహా.

డోర్ స్విచ్‌లు కూడా 8450 90లో ఉండవు, అవి 8536. నోటీసులో వాటి మాట లేకపోతే మీరుగా ఎత్తనక్కర్లేదు. ముందు ముందు వచ్చే సరుకుకు మాత్రం సరిచేయండి. థర్మోస్టాట్ తెప్పిస్తే అది 9032. 90వ అధ్యాయం వస్తువులను 16వ విభాగం నోట్ 1 బయట పెట్టేసింది. గీజర్లు, ఇస్త్రీ పెట్టెల హీటింగ్ ఎలిమెంట్‌ను కూడా చాలామంది విడిభాగమని 8516 90లో వేస్తారు. దానికి 8516 80 అని విడిగా చోటుంది.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. నోటీసు చూసి కంగారుపడిన సీహెచ్ఏలు కొందరు 8544లోకి మారుస్తూ "వైరింగ్ సెట్లు" అన్న మాట కనపడగానే 8544 30 వేసేస్తారు. అది వాహనాలు, విమానాలు, ఓడల్లో వాడే రకానికి మాత్రమే. 2021 బడ్జెట్‌లో కొన్ని ఇన్సులేటెడ్ వైర్లు, కేబుళ్ల మీద సుంకం 7.5 నుంచి 10 శాతానికి పెరిగితే, ఈ వాహనాల సెట్ల మీద 15 శాతానికి పెరిగింది. ఇంటి మెషీన్ హార్నెస్‌కి ఆ కోడ్ వేసుకుంటే ఎక్కువ కట్టుకుంటారు. తర్వాత వాపసు కావాలంటే ముందు ఆ అసెస్‌మెంట్‌నే (డ్యూటీ లెక్కింపునే) సవరించుకోవాలి, లేదా అప్పీలు చేయాలి. ఐటీసీ కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే.

నిజంగా వాదనకు చోటున్నది హార్నెస్‌కి కంట్రోల్ బోర్డో, స్విచ్‌ల ప్యానెలో కలిసి వచ్చినప్పుడు. అక్కడ వైర్లు ప్రధానమా, బోర్డు ప్రధానమా అన్నది వస్తువును చూసి తేల్చాలి. నాలుగు వైర్లు కేవలం బోర్డును కలపడానికే ఉంటే దాన్ని 8544 అనడం సరికాదు. మీ సరుకులో అలాంటివి ఏవైనా ఉంటే డ్రాయింగు, ఫోటోలు, నమూనా తీసుకుని వాటిని మిగతా హార్నెస్‌ల నుంచి విడదీసి జవాబు ఇవ్వండి. నోటీసులు అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంటాయి.

ఇక రెండో ప్రశ్న. మీ డబ్బు మిగిలేది ఇక్కడే. కస్టమ్స్ చట్టం, 1962 సెక్షన్ 28 ప్రకారం తక్కువ పడిన డ్యూటీని మామూలుగా రెండేళ్ల వరకే అడగాలి. కుమ్మక్కు, కావాలని తప్పుడు ప్రకటన, నిజాలు దాచడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉంటేనే ఐదేళ్లు. మీకు 28(4) కింద నోటీసు ఇచ్చారంటే మీరు కావాలని తప్పు చెప్పారనో, దాచారనో ఆరోపిస్తున్నారన్నమాట. ఆ ఆరోపణ రుజువు చేసే భారం వాళ్లదే.

ఇప్పుడు మీ బిల్ ఆఫ్ ఎంట్రీలన్నీ బయటకు తీయండి. వివరణ దగ్గర "వాషింగ్ మెషీన్ వైర్ హార్నెస్" అని రాసి ఉంటే మీరు దాచింది ఏమీ లేదు. సరుకు ఏమిటో చెప్పారు, ఇన్‌వాయిస్ ఇచ్చారు, వాళ్లు పెట్టె తెరిచి చూశారు. కోడ్ విషయంలో మీ అభిప్రాయం తప్పు కావచ్చు. సరుకు వివరాలు నిజంగా ఇచ్చి, ఒక హెడ్డింగో మినహాయింపో కోరడం తప్పుడు ప్రకటన కాదని నార్తర్న్ ప్లాస్టిక్స్ కేసులో సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. దీనికి డిపార్ట్‌మెంట్ జవాబు ఎలా ఉంటుందో కూడా ముందే తెలుసుకోండి. 2011 నుంచి సెల్ఫ్ అసెస్‌మెంట్ వచ్చింది, సరైన కోడ్ వేసే బాధ్యత మీదే, సెక్షన్ 46(4ఎ) ప్రకారం వివరాలు కచ్చితంగా ఉండాలి అంటారు. ఆ బాధ్యత ఉన్నమాట నిజమే. కానీ బాధ్యతలో పొరపాటు జరగడం వేరు, మోసపుచ్చాలన్న ఉద్దేశం వేరు. తనిఖీ చేసిన కన్‌సైన్‌మెంట్ల ఎగ్జామినేషన్ రిపోర్టులు మీకు ఇక్కడ చాలా విలువైనవి. వాటి కాపీలు అడిగి తీసుకోండి.

అదే బిల్లుల్లో ఉత్తినే "వాషింగ్ మెషీన్ పార్ట్స్" అని రాసి ఉంటే పరిస్థితి మారిపోతుంది. అది చూసి లోపల వైర్లున్నాయని ఏ అధికారికీ తెలియదు. అలాంటి బిల్లులు ఎక్కువగా ఉంటే నేను పోరాటం చేయమనను. సెక్షన్ 28(5) కింద నోటీసు అందిన 30 రోజుల్లోపు డ్యూటీ, వడ్డీ, డ్యూటీలో 15 శాతం పెనాల్టీ కట్టి కేసు ముగించుకోండి. ఆ గడువు పోయి, ఆర్డరు మీకు వ్యతిరేకంగా వస్తే సెక్షన్ 114ఎ కింద పెనాల్టీ డ్యూటీకి సమానంగా పడుతుంది. ఆర్డరు అందిన 30 రోజుల్లో మొత్తం కట్టేస్తే అందులో నాలుగో వంతుతో సరిపెడతారు. 15 శాతానికీ దీనికీ ఉన్న తేడా మీకే తెలుస్తుంది.

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణ. సరుకు విలువ కోటి రూపాయలు, సుంకంలో తేడా 2.5 శాతం అనుకుందాం. తేడా సుంకం 2,50,000. దాని మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి 25,000. ఈ రెండింటి మీద 18 శాతం ఐజీఎస్‌టీ 49,500. మొత్తం 3,24,500. ఇందులో ఐజీఎస్‌టీ మామూలుగా ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది, అయితే ఆలస్యంగా కట్టినప్పుడు కాగితాలు సరిగ్గా ఉండాలి, మీ ఆడిటర్‌తో మాట్లాడండి. అసలు నష్టం 2,75,000, ఆపైన ఏడాదికి 15 శాతం వడ్డీ. మీ లెక్కను రెండేళ్లకు ఒకటి, ఐదేళ్లకు ఒకటి విడివిడిగా వేయించండి. ఒక్కో కన్‌సైన్‌మెంట్ క్లియరెన్స్ ఆర్డరు తేదీ నుంచి మీకు నోటీసు అందిన తేదీ వరకు లెక్కపెట్టాలి.

వివరణ స్పష్టంగా ఉన్న పక్షంలో నా సలహా ఇది. రెండేళ్ల లోపు బిల్లుల తేడా డ్యూటీని వడ్డీతో కట్టి, ఆ మాట జవాబులో రాయండి. మిగతా మూడేళ్లను కాలపరిమితి మీద, పెనాల్టీని దురుద్దేశం లేదన్న కారణం మీద ఎదుర్కోండి. దాచారన్న ఆరోపణ నిలవకపోతే 28(10బి) ప్రకారం మీ నోటీసునే 28(1) కింద నోటీసుగా భావించి, రెండేళ్లకే డ్యూటీ లెక్కగట్టాలి. "నోటీసు ఇచ్చిన అధికారికి అసలు అధికారం లేదు" అన్న వాదన మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆ వాదనకు ఆధారమైన 2021 నాటి కెనాన్ తీర్పును సుప్రీంకోర్టు 2024 నవంబరులో రివ్యూలో మార్చేసింది.

ఆర్డరు వ్యతిరేకంగా వస్తే కమిషనర్ (అప్పీల్స్) దగ్గరకు 60 రోజుల్లో వెళ్లాలి. తగిన కారణం చూపిస్తే ఇంకో 30 రోజులు మన్నిస్తారు, ఆపైన ఎవరూ మన్నించలేరు. వివాదంలో ఉన్న డ్యూటీలో 7.5 శాతం ముందుగా డిపాజిట్ చేయాలి. ఆర్డరు కమిషనరే ఇస్తే నేరుగా కస్టమ్స్ అప్పీళ్లు వినే ట్రిబ్యునల్‌కి వెళ్తారు. సరుకు చెన్నైలో దిగింది కాబట్టి మీకు చెన్నై బెంచ్, హైదరాబాద్ కాదు. వకీలును పెట్టుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇకపై వచ్చే సరుకును 8544 42 కిందే వేయండి. కేసు నడుస్తుండగా కోడ్ మారిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని భయపడేవాళ్లుంటారు. "కేసులో మా హక్కులకు భంగం లేకుండా" అని ఒక లేఖ ఇచ్చి మారిస్తే ఆ ఇబ్బంది ఉండదు. పాత కోడ్‌తో కొనసాగితే మాత్రం నోటీసు తర్వాత కూడా కావాలనే చేశారంటారు, దానికి జవాబు దొరకదు. 8544కి మారాక బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రశ్న కూడా రావచ్చు. ఐఎస్ 694 కిందకొచ్చే పీవీసీ వైరుకు 2003 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. అందుకే రీలు మీద వచ్చే వైరా, కనెక్టర్లు బిగించిన హార్నెసా అన్నది వివరణలో స్పష్టంగా రాయండి.

బోర్డుతో కలిసి వచ్చే కొత్త మోడల్ హార్నెస్ ఏదైనా తెప్పించబోతుంటే అడ్వాన్స్ రూలింగ్ (ఏ కోడ్ వర్తిస్తుందో ముందుగానే ఇచ్చే నిర్ణయం) అడగండి. ఢిల్లీ, ముంబైలలో ఆ అథారిటీలున్నాయి, ఫీజు 10,000 రూపాయలు, మూడు నెలల్లో తేల్చాలని చట్టం. రూలింగ్ వస్తే మీతో పాటు కమిషనర్ కూడా దానికి కట్టుబడాలి. మీ నోటీసులో ఉన్న హార్నెస్‌కి మాత్రం ఈ దారి లేదు, ఆ ప్రశ్న ఇప్పటికే అధికారి ముందు పెండింగ్‌లో ఉంది.

నోటీసు మీకు ఏ తేదీన అందిందో కవరు మీదో, ఈమెయిల్‌లోనో చూసి రాసిపెట్టుకోండి. పైన చెప్పిన 30 రోజులు ఆ తేదీ నుంచే నడుస్తున్నాయి. జవాబుకు గడువు పొడిగించమంటే ఇస్తారు, కానీ 28(5) గడువు దాంతోపాటు పొడిగినట్టు అనుకోవద్దు. కాబట్టి బిల్లుల్లో ఏముందో ఈ వారంలోనే చూసుకుని, కట్టేదీ పోరాడేదీ ఆ 30 రోజుల్లోపే నిర్ణయించుకోండి.