నాన్న బండికి రంగు: ఇంట్లో ఏది, షెడ్డులో ఏది

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు.

మీ నాన్నగారి నల్ల స్ప్లెండర్‌కు నువ్వే ఇంట్లో రంగు వేసుకుంటానని, షెడ్డుకు ఇస్తే నెల జీతంలో పెద్ద ముక్క పోతుందని రాశావు. పంపిన ఫొటోలు నాలుగూ నిదానంగా చూశాను. గాజువాక ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు రంగుల పని మీదే బతికినవాణ్ణి కాబట్టి నిన్ను వద్దనలేను, అలాగని సరేనని ఊరుకోనూలేను. పక్క ప్యానెళ్లు, సీటు వెనక ఉండే ప్లాస్టిక్ తొడుగు (కౌల్) నువ్వు ఇంట్లోనే చేసుకో. ట్యాంకుకు మాత్రం శుభ్రం చేయడం, గీకడం, రుద్దడం వరకు నీ చేత్తో చేసి, రంగు షెడ్డులో కొట్టించు.

ట్యాంకు మీద ఎప్పుడో ఒకప్పుడు పెట్రోలు పడక మానదు. దుకాణంలో దొరికే మామూలు స్ప్రే డబ్బాలోని రంగు గాలికి ఆరుతుందే తప్ప, హార్డెనర్ (రంగును గట్టిపరిచే రసాయనం) కలిపిన రంగులా లోపలి నుంచి గట్టిపడదు. పని నేర్చుకునే రోజుల్లో నేను నా సొంత బండి ట్యాంకుకు ఎన్.సి. రంగు (గాలికి ఆరే నైట్రోసెల్యులోజ్ రంగు) కొట్టి, పైన హార్డెనర్ కలిపిన లక్కర్ (రంగు లేని మెరుపు పూత) వేయకుండా వదిలేశాను. చూడడానికి అద్దంలా ఉండేది. పది రోజుల తరవాత బంకులో కుర్రాడు నాజిల్ బయటికి తీస్తుండగా నాలుగు చుక్కలు మూత పక్కన పడ్డాయి. నేను గుడ్డ తీసి తుడిచేలోపే ఆ చుక్కలు జారిన దారి పొడవునా రంగు ముడతలు పడి, గుడ్డకు ఎర్రగా అంటుకుని వచ్చేసింది. ఆ ట్యాంకును మళ్లీ ఇనుము దాకా గీకి మొదటి నుంచి చేయవలసి వచ్చింది. డబ్బా రంగు గతీ అంతే.

అయితే హార్డెనర్ కలిపే రంగే తెచ్చి ఇంట్లో కొట్టుకుంటానని నువ్వు అడగవచ్చు. అది వద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి. రంగు పొగమంచులా గాలిలోకి లేచినప్పుడు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయాయంటే, ఆ తరవాత ఏ కొంచెం తగిలినా ఉబ్బసంలా ఆయాసం పట్టుకుంటుంది. నాకు పని నేర్పిన మేస్త్రి ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని జీవితమంతా రంగు కొట్టే స్ప్రే గన్ పట్టాడు. చివరి రోజుల్లో ఆయన షెడ్డు గుమ్మం దాటి లోపలికి వస్తేనే దగ్గు ఆగేది కాదు. చేతిరుమాలు, దుమ్ముకు పెట్టుకునే మాస్కు ఈ ఆవిరిని ఆపలేవు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే ముసుగు కావాలి. అడుగున మీట నొక్కితే హార్డెనర్ లోపలే కలిసే స్ప్రే డబ్బాలు కూడా ఇప్పుడు వస్తున్నాయి, వాటిలో ఉండేదీ ఆ రసాయనమే. మీ ఇంట్లో చంటిపిల్ల ఉంది, వంటింటి కిటికీ నువ్వు రంగు కొడదామనుకునే వరండాలోకే తెరుచుకుంటుంది. ఇక థిన్నర్ ఆవిరికి పొయ్యి మంట అందితే ఏమవుతుందో నీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నువ్వు చేయగలిగిన పని చూద్దాం. రంగు నిలవడం, నిలవకపోవడం గన్ పట్టుకోకముందే తేలిపోతుంది. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా వంపి, మూత తీసి ఆరుబయట గాలికి ఉంచు. ఖాళీ ట్యాంకు కదా అని నిర్లక్ష్యం చేయవద్దు. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే త్వరగా అంటుకుంటుంది, కాబట్టి దాని మీద కరెంటు గ్రైండర్ పెట్టవద్దు. వంపిన పెట్రోలు అడుగున ఎర్రటి పొడి కనిపిస్తే లోపల తుప్పు పట్టినట్టే. ముందు దాన్ని కడిగించకుండా పైన ఎంత మంచి రంగు వేసినా, కొన్నాళ్లకు సూదిబెజ్జం పడి పెట్రోలు చెమ్మ బయటికి వచ్చి రంగు పొంగుతుంది.

స్టిక్కర్లను జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వెచ్చచేసి ఒక మూల నుంచి మెల్లగా లాగు; మిగిలిన జిగురు కిరోసిన్‌తో పోతుంది. తరవాత సబ్బునీళ్లతో కడిగి, వ్యాక్స్ రిమూవర్‌తో (మైనం, జిడ్డు తీసే ద్రవం) రెండుసార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డతో తుడువు. ఇన్నాళ్లూ మీ నాన్నగారు ప్రేమగా పూసిన పాలిష్‌లోని సిలికాన్ అక్కడే ఉంటుంది. దాన్ని తీయకుండా గరుకు కాగితం పెట్టి రుద్దితే లోపలికి ఇంకిపోయి, రంగు కొట్టిన క్షణంలోనే చేప కళ్లలా గుంటలు పడతాయి. ఈ తప్పు షెడ్డుల్లోనూ జరుగుతుంది.

పాత రంగు గట్టిగా ఉన్నచోట దాన్ని పూర్తిగా ఊడబెరకనక్కరలేదు, 400 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం) మెరుపు పోయేదాకా రుద్దితే చాలు. ఫొటోలో మూత కింద ఎడమవైపు ఉబ్బు కనిపించింది. అక్కడ మాత్రం 80 నంబరు కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకాలి. గీకిన చోటుకూ పాత రంగుకూ మధ్య మెట్టు మిగలకుండా 180, తరవాత 320 నంబర్లతో అంచును పలచబరుస్తూ పోవాలి. కళ్లు మూసుకుని గోరును అడ్డంగా లాగి చూడు. ఎక్కడా తగలకపోతే అంచు కలిసినట్టు. మన సముద్రపు గాలికి పచ్చి ఇనుము సాయంత్రానికే రంగు మారుతుంది కాబట్టి గీకిన రోజే ట్యాంకును షెడ్డుకు చేర్చు. ప్రైమర్ (రంగు కింద వేసే అడుగు పూత), లప్పం షెడ్డు మేస్త్రి చూసుకుంటాడు. ఇంకొకరు రుద్ది తెచ్చిన దాని మీద రంగు వేయడానికి కొందరు ఒప్పుకోరు, అది వారి పేరుకు సంబంధించిన విషయం. అందుకే గీకడం మొదలుపెట్టకముందే ఆయనను కలిసి మాట్లాడుకో.

పక్క ప్యానెళ్లు ప్లాస్టిక్కు. ముందు చక్రం మడ్‌గార్డుకు అయస్కాంతం పెట్టి చూడు, అంటుకుంటే అదీ షెడ్డుకే. ప్లాస్టిక్కును థిన్నర్‌తో తుడిస్తే కరిగి పగుళ్లు పడుతుంది, జాగ్రత్త. 600 నంబరుతో రుద్ది, ప్లాస్టిక్ ప్రైమర్ పలచగా కొట్టి, ఆరాక రంగు వేయి. డబ్బాను ఒక జానెడు దూరంలో పట్టుకుని, ప్యానెల్ అంచుకు బయటే మీట నొక్కి, అవతలి అంచు దాటాక వదలాలి. మొదటి పూత కింది ప్రైమర్ కనిపించేంత పలచగా ఉండాలి. పావుగంట ఆగి రెండోది, మళ్లీ ఆగి మూడోది. ఒకేసారి నిండుగా కొడితే కారుతుంది. వానాకాలంలో మొదలుపెట్టకు, గాలిలోని తేమకు రంగు తెల్లబారుతుంది. సంక్రాంతి వెళ్లాక, మంచు విడిచిన పది గంటల నుంచి మూడు గంటల లోపు మంచి సమయం. దుమ్ము లేవకుండా నేల మీద నీళ్లు చల్లి, ఫ్యాను ఆపి పని చేయి.

మీ బండి నలుపు కాబట్టే ఇలా పని పంచుకోమంటున్నాను. మెటాలిక్ రంగు అయివుంటే అన్నీ ఒకే చేతికి, ఒకే రోజు ఇవ్వమనేవాణ్ణి. అందులోని రేకుల మెరుపు గన్ పట్టే తీరును బట్టి మారిపోతుంది, ట్యాంకూ ప్యానెళ్లూ రెండు బండ్లవిలా కనిపిస్తాయి.

మేస్త్రిని ధర కంటే ముందు ఎన్.సి. వేస్తావా, హార్డెనర్ కలిపే పి.యు. (పాలీయురేథేన్) వేస్తావా అని అడుగు. మరీ తక్కువ చెప్పాడంటే చాలావరకు ఎన్.సి.యే. ఆయన రెండేళ్ల కిందట చేసిన బండి ఒకటి చూపించమను, కొత్తగా చేసినది ఎవరిదైనా బాగానే ఉంటుంది. హీరో, హోండా 2010 చివర్లో విడిపోయాయి కాబట్టి మీ నాన్నగారి బండి మీద ఉన్న ‘హీరో హోండా’ అనే పాత పేరు స్టిక్కర్లు ముందే వెతికి పెట్టుకో. అవి పైన వేసే లక్కర్ కిందికి రావాలి.

నలుపు మీద మనసు మారితే ముందు ఆర్.సి.లో రంగు మార్పించుకో. మిలిటరీ ఆకుపచ్చ మాత్రం వద్దు, మోటారు వాహనాల నిబంధనల ప్రకారం అది రక్షణ శాఖ బండ్లకే పరిమితం. ఛాసిస్ నంబరు మీద కాగితం గాని, లప్పం గాని తగలనివ్వకు.

ట్యాంకు తిరిగి వచ్చాక వారం రోజులు కవరు కప్పకు, నెల దాకా పాలిష్ ముట్టకు. ప్యానెళ్లు రుద్దడం అయ్యాక, ప్రైమర్ వేయకముందు, పగటి వెలుతురులో ఏటవాలుగా ఫొటో తీసి పంపు. అంచుల దగ్గర కాగితం ఎక్కువ తినేసిందేమో చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య