పాత వెండి ఫిల్లింగ్ తీయించాలా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఇరవై ఏళ్ల కిందట రెండు దవడ పళ్లకు వెండి ఫిల్లింగ్ పెట్టించుకున్నాను. ఇప్పటిదాకా నొప్పి లేదు, జివ్వుమనడం లేదు. ఈమధ్య వాటిలో పాదరసం ఉంటుందని, అది ఒంట్లోకి దిగి నరాలు పాడవుతాయని ఒక వీడియోలో చూశాను. అప్పటినుంచి ఒకటే టెన్షన్. నాలుక ఊరికే అటే పోతోంది. రెండూ తీయించి తెల్లవి పెట్టించుకోమంటారా? - ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. అంచులు బాగున్నాయని మీ డెంటిస్టు చూసి చెబితే వాటి జోలికి పోకండి.

పాదరసం ఉన్నమాట నిజమే. బరువులో దాదాపు సగం అదే, మిగతాది వెండి, తగరం, రాగి. నేను చదువుకునే రోజుల్లో ఆ లోహాల పొడినీ పాదరసాన్నీ చిన్న కల్వంలో వేసి మేమే నూరేవాళ్లం. గుడ్డలో వేసి పిండితే ఎక్కువైన పాదరసం సన్నటి పూసల్లా బయటికి వచ్చేది. మిగిలిన ముద్ద వేళ్ల మధ్య కిర్రుమనేది. పంట్లో కూరాక అది గట్టిపడి, పాదరసం ఆ లోహాలతో కలిసిపోతుంది. నమిలినప్పుడు చాలా కొద్దిగా ఆవిరి వస్తుంది, రాదని చెప్పను. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే ఇంకాస్త ఎక్కువ. కానీ డ్రిల్ పెట్టి తీసేటప్పుడే ఆవిరి ఒక్కసారిగా పెరుగుతుంది. మీరు దేనికి భయపడుతున్నారో అదే పని చేయించుకున్నట్టవుతుంది.

అమెరికాలో మందులు, వైద్య పరికరాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఆరేళ్లలోపు పిల్లలకు, నరాల జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్లకు కొత్తగా వెండి ఫిల్లింగ్ పెట్టకపోవడం మంచిదని చెప్పింది. బాగున్న పాతవి అవసరం లేకుండా తీయొద్దని కూడా అప్పుడే చెప్పింది. ఐరోపా యూనియన్ 2025 జనవరి 1 నుంచి వీటి వాడకాన్ని దాదాపుగా ఆపేసిందన్న వార్త కూడా మీ కంటపడే ఉంటుంది. పాదరసం నీటిలో, నేలలో కలవకుండా చూడటం దాని ముఖ్య ఉద్దేశం. నోట్లో ఉన్నవి పీకించుకోమని కాదు.

నా బెంగంతా మీ పన్ను గురించి. ఫిల్లింగ్ తీసిన ప్రతిసారీ చుట్టూ ఉన్న మంచి పన్ను కూడా కొంత పోతుంది. రంగు నచ్చక మూడు ఫిల్లింగులు వేరే చోట మార్పించుకున్న ఒకావిడ ఏడాది తిరక్కుండానే నా దగ్గరికి వచ్చింది. ఒక పంటికి నాలుక వైపు గోడ పలచబడి నిలువునా విరిగింది. రూట్ కెనాల్ చేసి క్యాప్ పెట్టాల్సి వచ్చింది. అంతకుముందు ఆ పంటికి ఏ బాధా లేదట! ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. తెల్ల ఫిల్లింగ్ మంచిదే, నేనూ రోజూ పెడతాను. కాకపోతే అది గట్టిపడుతూ కాస్త కుంచించుకుపోతుంది. పెట్టేటప్పుడు ఉమ్మి తగిలినా సరిగా అంటుకోదు. అలాంటప్పుడు అంచున సందు పడి మళ్లీ పుచ్చు మొదలవుతుంది.

మరి ఎప్పుడు తీయాలి? అంచు మీద సన్నటి సూది లాంటి పరికరాన్ని మెల్లగా లాగితే నున్నగా జారిపోవాలి. లోపలికి దిగి ఇరుక్కుంటే అక్కడ సందు ఉన్నట్టు. ఆ సందు కింద పన్ను మెత్తబడినా, ఎక్స్‌రేలో పుచ్చు కనిపించినా, ఫిల్లింగ్ పగిలినా మార్చాలి. కొరికి వదలగానే చురుక్కుమంటే పన్ను చీలిందేమో చూపించుకోండి. చుట్టూ నల్లగా, బూడిద రంగులో కనబడినంత మాత్రాన పుచ్చు కాదు.

మార్చక తప్పకపోతే పంటి చుట్టూ రబ్బరు షీటు కట్టి, నీళ్లు కొడుతూ, పెద్ద సక్షన్ పెట్టి, పొడి చేయకుండా ముక్కలుగా తీయమని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు ఆ రెండు పళ్ల అంచులూ అద్దంలో చూపించమనండి. ఎక్స్‌రే తీస్తే కాపీ మీ దగ్గరే ఉంచుకోండి. మళ్లీ ఎప్పుడైనా తీసినప్పుడు పక్కన పెట్టి చూడటానికి పనికొస్తుంది.