మావాడు పాటలు కడతానంటున్నాడు, ఏం చేయమంటారు?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. చదువులో ఫర్వాలేదు. రాత్రిళ్లు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పాటలు కడుతుంటాడు. ఈమధ్య ఒక క్లిప్ వైరల్ అయింది. అప్పటి నుంచి మ్యూజిక్ ప్రొడక్షన్ డిప్లొమా తప్ప ఇంకేమీ వద్దంటున్నాడు. మామూలు డిగ్రీ మంచిదా, ఆ డిప్లొమానా? పోల్చి చెప్పండి.

జవాబు: పోలుస్తాను సార్. కానీ మీ మనసులో ఉన్నది ఆ ప్రశ్న కాదు. "వీడు పైకి రాకపోతే గతేంటి?" అన్నదే మీ టెన్షన్. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలానే వస్తాయి. ఒకదాంట్లో కీబోర్డు, ఇంకోదాంట్లో గిటార్, అంతే తేడా.

పాప్ సంగీతం అనగానే మీకు స్టేజీ మీద మైకు పట్టుకున్న ఒక్క మనిషే కనిపిస్తున్నాడు. ఆ ఒక్క పాట వెనక రాసేవాళ్లు, ట్యూన్ కట్టేవాళ్లు, రికార్డింగ్ సెషన్‌కొచ్చి వాయించేవాళ్లు, రికార్డు చేసేవాళ్లు, ఆ శబ్దాలన్నీ పాళ్లు చూసి కలిపేవాళ్లు (మిక్సింగ్), చివరి మెరుగు దిద్దేవాళ్లు (మాస్టరింగ్) ఉంటారు. కచేరీలకు సౌండ్ చూసేవాళ్లు, హక్కుల లెక్కలు చూసేవాళ్లు వేరే. 1960ల్లో లాస్ ఏంజెలెస్‌లో కొందరు సెషన్ వాయిద్యకారులు ఎన్నెన్నో హిట్ పాటలకు వాయించారు. రెకింగ్ క్రూ అన్న పేరు వాళ్లకు తర్వాతే స్థిరపడింది. రికార్డు అట్టల మీద చాలాసార్లు వాళ్ల పేర్లే ఉండేవి కావు. అయినా చేతినిండా పని ఉండేది. గాయకుడు కాకపోతే రోడ్డున పడతాడన్న భయం వదిలేయండి.

మీవాడిని మురిపిస్తున్న దారి మీద మాత్రం నాకు చాలా అనుమానాలున్నాయి. క్లిప్ వైరల్ అవడం వేరు, డబ్బు రావడం వేరు. పాటలు వినే యాప్ స్పాటిఫైలో ఒక పాటను ముప్పై సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్‌గా లెక్క. 2024 నుంచి, గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 1000 స్ట్రీములు లేని పాటకు రికార్డింగ్ రాయల్టీలో వాటా కూడా లేదు. పైగా ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి: సాహిత్యం, ట్యూన్‌తో కూడిన రచన ఒకటి, దాని రికార్డింగ్ ఇంకొకటి. ఆ రెండిటి మీదా హక్కు ఎవరిదో తెలియకుండా సంతకం పెట్టినవాడు హిట్ కొట్టినా ఖాళీ చేతులతో మిగలొచ్చు. కంపెనీ ఇచ్చే అడ్వాన్సు జీతం కాదు, సాధారణంగా తర్వాత వచ్చే రాయల్టీలోంచి దాన్ని మినహాయించుకుంటారు. కోర్సు బ్రోషర్లు తిరగేస్తే నాకు కనిపించేవి సాఫ్ట్‌వేర్ పేర్లే, ఈ సంగతులు కావు.

ఆ సాఫ్ట్‌వేరైనా ఎంతకాలం ఉంటుంది? పాతకాలపు 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టేది కాబట్టి పాట ఆ నిడివికి కుదురుకుంది. 1983లో మిడి అనే డిజిటల్ ప్రమాణం వచ్చి కీబోర్డులను, కంప్యూటర్లను కలిపింది. 1997లో శ్రుతి తప్పిన గొంతును సరిచేసే ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. పరికరం మారినప్పుడల్లా పని తీరు మారింది. చెవి, లయజ్ఞానం ఉన్నవాళ్లు కొత్తదాన్ని నేర్చుకోగలరు. బటన్లు మాత్రమే నేర్చినవాళ్లకు కష్టం.

ఇక మీ సంగతి. మీ ఉత్తరంలో ఆ పాట ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు. వైరల్ అయిందన్నారు, అసలు మీరు విన్నారా? కోపగించుకోకండి, ఇది విననివాళ్లు "నా బిడ్డ భవిష్యత్తు" అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. మీరు వినరని తెలిసే వాడు తలుపేసుకుంటున్నాడేమో.

పోలిక రెండు మాటల్లో చెప్తాను. డిగ్రీ చదువుతూ పాటలు కట్టొచ్చు, మధ్యలో మానేసిన డిగ్రీని మళ్లీ అందుకోవడం కష్టం. అందుకే నా ఓటు ముందు డిగ్రీకే. పక్కనే ఒక వాయిద్యం పద్ధతిగా నేర్చుకోనివ్వండి, చిన్న కచేరీల్లో సౌండ్ బాక్సుల దగ్గర సాయానికి వెళ్లనివ్వండి. అప్పటికీ డిప్లొమాయే కావాలంటే, చేరే ముందు ఇద్దరూ కలిసి వెళ్లి అడగండి: స్టూడియోలో మా అబ్బాయి స్వయంగా పని చేసేది వారానికి ఎన్ని గంటలు? ఒప్పందాలు, రాయల్టీల గురించి ఎవరు చెప్తారు? రెండేళ్ల కింద చదివి వెళ్లినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు, వాళ్లతో మాట్లాడిస్తారా? నీళ్లు నమిలితే ఫీజు కట్టకుండా లేచి వచ్చేయండి.